షామీర్‌పేట కాకులకు నా ముఖం తెలుసు

హైదరాబాదు వెళ్లొచ్చానంటే మా కైకలూరులో అందరూ చార్మినార్ గురించే అడుగుతున్నారు. నేను చార్మినార్ చూడలేదు. నాలుగు రోజులూ నగరం ఉత్తరపు అంచున, షామీర్‌పేటకూ మేడ్చల్‌కూ మధ్య తిరిగాను. చూసినవాటిలో చెప్పుకోదగ్గవి కాకులే. కాకుల కోసం అంత దూరం వెళ్లాలా అని మా ఆవిడ అడిగింది. నేను వాటిని చూడ్డానికి వెళ్లలేదు, అవే నన్ను చూశాయి అని చెబితే నమ్మలేదు. అందుకే రాస్తున్నాను.

ఇరవై ఏళ్లపాటు నేను చేపపిల్లల లారీలతో తెలంగాణ చెరువులకు తిరిగినవాణ్ని. షామీర్‌పేటలో మా చేపపిల్లల్ని దింపుకునే మనిషి కిష్టయ్య. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక్కో సంచీ విప్పుతూ, చేపపిల్లలతో కూడా మాట్లాడేవాడు. అతని ఇంటి నుంచి నేను ఒక్కసారి కూడా తినకుండా తిరిగి రాలేదు. ఈ జూన్ మొదట్లో అతను పోయాడు. వారం తర్వాత అతని భార్య అంజమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, పదకొండో రోజు దినాలు. నువ్వు రావాలె. రెండు రోజుల ముందుగాల్నే రా. మా మరిది రోడ్డు మీది జాగ అమ్ముతా అంటుండు. నా బండి గాడ్నే ఉన్నది గదా. నువ్వు జెప్తె ఇంటడు."

ఆ జాగా కిష్టయ్యకూ తమ్ముడు నర్సింలుకూ ఉమ్మడి. కరీంనగర్ రోడ్డుకు ఆనుకుని, వెనక చెరువు దాకా సన్నగా ఉంటుంది. ముందు అంజమ్మ చేపల వేపుడు బండి, దాని వెనక రేకుల గది. పిల్లలు లేరు. బండి పోతే ఆమెకు తిండీ లేదు, గదీ లేదు. ఇది ఫోన్‌లోనే నాకు అర్థమైంది. నేను చెబితే ఎవరైనా వింటారని నాతో అన్న మనిషి అంజమ్మ ఒక్కతే. మా ఇంట్లో ఎవరికీ ఆ నమ్మకం లేదు. వెంటనే సంచీ సర్దుకున్నాను.

బస్సులో హెల్మెట్ కథ

సికింద్రాబాద్‌లో రైలు దిగి షామీర్‌పేట బస్సు ఎక్కాను. నా పక్కన మెడలో కంపెనీ కార్డు వేసుకున్న అమ్మాయి కూర్చుంది. తుర్కపల్లిలో మందుల ల్యాబులో పని. రోజూ కంపెనీ క్యాబు వస్తుందట, ఆ రోజు నిద్ర లేవడం ఆలస్యమై తప్పిపోయిందట. నేను కిటికీ పక్కన పల్లీలు తింటుంటే, బస్సు ఆగినచోట ఒక కాకి కిటికీ కడ్డీ మీద వాలి, పొట్లంలోంచి రెండు గింజలు తీసుకుని, నా ముఖం చూసి మరీ వెళ్లింది.

"వాటికి భయం లేదండీ," అన్నాను.

"భయమా అంకుల్," అంది ఆ అమ్మాయి. "మా గేట్ కాడ సెక్యూరిటీ తాత ఒకసారి కాకి గూడు దులిపిండు. గప్పటి సంది ఆయన డ్యూటీల హెల్మెట్ పెట్టుకునే కూసుంటడు. బండి లేదు ఆయనకు. నడిచే వస్తడు, హెల్మెట్ పెట్టుకొని."

"వేరేవాళ్లను పొడవవా?"

"మమ్మల్ని ఏమనవు. ముఖం గుర్తు పెట్టుకుంటయ్ అంకుల్. మా మేనేజర్ నా పేరు ఇంకా గుర్తు పెట్టుకోలే."

నవ్వాను గానీ నమ్మలేదు. మనకు కాకులన్నీ ఒకటే, కాబట్టి కాకులకు మనమంతా ఒకటే అని నా లెక్క. అరవై రెండేళ్ల వయసులో నా లెక్క తప్పడానికి ఇంకో రెండు గంటలు పట్టింది.

షామీర్‌పేట: జీవకారుణ్యం

అంజమ్మ బండికి టార్పాలిన్ కప్పి ఉంది. వారం పైగా పొయ్యి వెలిగించలేదు. నన్ను చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది. ఇక్కడి చాయ్ గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు గ్లాసు నిండా ఇస్తారు, చల్లారేలోపు ఊరి సంగతులన్నీ అయిపోతాయి. ఇక్కడ రెండు గుక్కలే ఇస్తారు, కానీ ఆ రెండు గుక్కలతో మనిషి లేచి నిలబడతాడు.

చాయ్ తాగుతుండగా కాకులు దిగాయి. బండి మూతపడినా వాటి మామూలు ఆగలేదు. అంజమ్మ పక్క బండి నుంచి తెచ్చిన చేపల తలలు, మొప్పలు ఒక పళ్లెంలో పెట్టి గోడ మీద ఉంచింది.

"రోజు ఇయ్యకుంటె ఊకోవు అన్నా. ఒక్కనాడు మర్సిపోతె, మసాల డబ్బ మూతలు దీసి చెర్వుల ఏస్తయ్. గా ఒంటికాలుది సూడు, అది వీటికి సర్పంచ్."

ఒంటికాలు కాకి నిజంగానే సర్పంచి. ఒక కుక్క పళ్లెం వైపు వస్తే, ఇంకో కాకి వెనకనుంచి దాని తోక పట్టి లాగింది. కుక్క వెనక్కి తిరిగేసరికి సర్పంచి ముందునుంచి పెద్ద తల ఎత్తుకుపోయింది. వెంటనే రెండూ ఒకే కొమ్మ మీద కూర్చుని పంచుకున్నాయి. మా కైకలూరులో అన్నదమ్ములు ఇంత సఖ్యంగా పంచుకోగా నేను చూడలేదు.

అప్పుడే వేపచెట్టు కింద ఒక కాకిపిల్ల కనబడింది. నోరు ఎర్రగా, తోక పొట్టిగా, ఎగరలేక గెంతుతోంది. కుక్క అక్కడే ఉంది. నాలో జీవకారుణ్యం పొంగింది. లేచి, భుజం మీది తువ్వాలు వేసి పిల్లను పట్టుకుని, జాగ్రత్తగా గోడ మీద పెట్టాను. ఎవరైనా చూస్తున్నారా అని ఒకసారి చుట్టూ చూశాను కూడా.

చూస్తున్నాయి. చెట్టు మీదున్నవన్నీ చూస్తున్నాయి. మొదటి దెబ్బ నా బట్టతల మధ్యలో పడింది. రెండోది చెవి మీద. తువ్వాలు ఊపాను, దాంతో రోడ్డవతలి కాకులు కూడా వచ్చాయి. నేను బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, టార్పాలిన్ కిందికి దూరి, నూనె మూకుడు పక్కన కూర్చున్నాను. బయట అంజమ్మ నవ్వుతోంది. మొగుడు పోయి పది రోజులు కాలేదు, ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ నవ్వు వింటే నాకు దెబ్బల నొప్పి కాస్త తగ్గింది.

"అది పడలే అన్నా, ఎగురుడు నేర్సుకుంటాంది. నువ్వు ముట్టినవ్. ఇగ నిన్ను ఇడ్వవు."

"సాయం చేశాను గదమ్మా."

"గది వాటికి ఎట్ల దెలుస్తది?"

సాయంత్రం చొక్కా మార్చి బయటికి వచ్చాను. కళ్లజోడు తీసి వచ్చాను. గడ్డానికి తువ్వాలు చుట్టుకుని వచ్చాను. మూడుసార్లూ సర్పంచి నన్ను గుర్తుపట్టి ఊరందరికీ చెప్పింది. పక్క బండివాళ్లు, బస్సు దిగినవాళ్లు హాయిగా తిరుగుతున్నారు. నేను మాత్రం గది నుంచి రోడ్డు దాకా అంజమ్మ చేట తలమీద పెట్టుకుని నడిచాను.

మేడ్చల్: బిర్యానీ ముందు నా మాట

పడుకోవడం పక్కనే ఉన్న అలియాబాద్‌లో, నర్సింలు ఇంట్లో. కింద ఆఫీసు, మీద ఇల్లు. ఆఫీసులో గోడ నిండా ప్లాట్ల నక్షాలు, బయట పండగ శుభాకాంక్షలు చెబుతూ నర్సింలు ఫ్లెక్సీ. కర్మ చేసేవాడు అతనే కాబట్టి తల గొరిగించుకున్నాడు. ఫ్లెక్సీలో మాత్రం జుట్టు నిండుగా ఉంది. చిన్నప్పుడు లారీ మీదెక్కి నీళ్ల ట్యాంకులో చేతులు పెట్టి తిట్లు తిన్నవాడు ఇతనే. మనిషి మంచివాడు. నన్ను చూసి కావలించుకుని, "మా అన్న పోయిండు, ఇగ నువ్వే అన్నా" అన్నాడు. అన్నలాగా ఒక మాట చెబుదామని నోరు తెరిచాను. నోట్లో సకినం పెట్టాడు.

రెండో రోజు దినాల సరుకులకు తన కారులో మేడ్చల్ తీసుకెళ్లాడు. దారిలో రెండు వైపులా పొలాలకు కొత్త ప్రహరీలు, వాటి మధ్య ఎవరూ లేని వెంచర్ల ముఖద్వారాలు, ఇక్కడ కమాన్లంటారు. ఒక్కోదాన్నీ చూపించి ఎవరు కొన్నారో, ఎవరికి అమ్మారో చెబుతున్నాడు. నాకు సందు దొరకలేదు.

మేడ్చల్‌లో ఒక హోటల్లో కూర్చున్నాం. బిర్యానీ వచ్చింది. నేను గొంతు సవరించుకున్నాను.

"నర్సింలూ, ఆ రోడ్డు మీద జాగా సంగతి..."

"ముందుగాల తిను అన్నా. సల్లారుతది." ఇంత ముక్క నా పళ్లెంలో వేశాడు.

తిన్నాను. మళ్లీ మొదలుపెట్టాను. ఫోన్ మోగింది. అతను బయటికి వెళ్లి మాట్లాడి వచ్చేలోపు ఖుబానీకా మీఠా వచ్చింది. ఆప్రికాట్ల తీపి, మీద మీగడ. మా వైపు తీపి ముందు వడ్డిస్తారు, ఇక్కడ చివర. ముందే వడ్డించి ఉంటే నాకు చివర్లో మాట్లాడ్డానికి నోరు ఖాళీగా ఉండేది.

చివరికి చెయ్యి కడుక్కుంటుండగా, వాష్‌బేసిన్ దగ్గర అన్నాను: "అంజమ్మ బండి అక్కడే ఉండనివ్వరా. మీ అన్న మనసు అదే."

నర్సింలు అద్దంలో తన గుండు చూసుకుంటూ అన్నాడు: "మా అన్న నాకెన్నడు గట్ల చెప్పలే అన్నా. రోడ్డు పాయింట్ అది. వదినెకు లోపట గల్లీల రూం సూపిస్త. బండి గూడ ఆడ్నే పెట్టుకోవచ్చు."

"గల్లీలో చేపలు ఎవరు తింటారు?"

"నేను తింట," అన్నాడు, నిజంగానే.

హోటల్ బయట నర్సింలు సరుకులు కొంటుంటే నేను చెట్టు కింద నిలబడ్డాను. ఒక కాకి ఎండిన బ్రెడ్డు ముక్క తెచ్చి, పంక్చరు షాపు నీళ్ల తొట్టిలో ముంచి, మెత్తబడ్డాక తింది. గట్టిగా ఉన్నదాన్ని కొరకకూడదు, నాననివ్వాలి. నా పద్ధతిలో లోపం నాకు అర్థమైంది గానీ, నర్సింలును ఏ తొట్టిలో ముంచాలో తెలియలేదు.

అక్కడే ఒక టోపీ కొన్నాను. నీలం రంగు, చుట్టూ అంచున్నది. నూట యాభై చెప్పాడు, నూట ఇరవైకి ఇచ్చాడు. సాయంత్రం అది పెట్టుకుని అంజమ్మ దగ్గరికి నడిచాను. వేపచెట్టు కింద నిలబడ్డాను. సర్పంచి తల వంచి చూసింది, మళ్లీ వంచి చూసింది, ఊరుకుంది. టోపీ తీశాను. కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. పెట్టుకున్నాను, సద్దుమణిగాయి.

అంజమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ ఇదంతా చూసింది.

"టోపీ ఉంటె గుర్తు వడ్తలేవు," అంది నెమ్మదిగా.

"నూట ఇరవై," అన్నాను గర్వంగా.

"మా నర్సింలుతోని మాట్లాడినవా?"

"బిర్యానీ తిన్నాను," అన్నాను.

ఆమె చెరగడం ఆపేసి చెట్టు వైపు చూసింది. నాకు సిగ్గేసింది. ఇంత దూరం రప్పించుకున్న మనిషికి నేను చెయ్యగలిగింది అంతే అనిపించింది.

చెరువు ఒడ్డు: పిట్టకు పెట్టుడు

మూడో రోజు దినాలు. మా వైపు పిండం పెట్టి కాకి కోసం ఒక పావుగంట చూస్తాం. రాకపోతే ఆవుకు పెట్టి, మిగిలింది కాలవలో వదిలి, భోజనాలకు వెళ్లిపోతాం. ఇక్కడ అలా కుదరదు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, పిట్ట ముట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. కాకి రాలేదంటే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఆ కోరిక ఏమిటో బతికున్నవాళ్లు కనుక్కోవాలి.

జాగా వెనక, చెరువు అంచున మోదుగాకుల విస్తరి వేశారు. అన్నం, మటన్, గారెలు, అంజమ్మ వేయించిన చేపముక్కలు, ఒక ముంతలో కల్లు, పక్కన బీడీకట్ట. ముప్పైమంది చుట్టాలు వెనక్కి జరిగి నిలబడ్డారు. నేనూ వాళ్ల వెనక చేరబోతుంటే అంజమ్మ వచ్చింది.

"అన్నా, దినాల కాడ టోపీ ఉండొద్దు. ఇటియ్యి." ఆచారం కదా అని ఇచ్చేశాను. "నువ్వు ఎనకకు పోకు. గీ రాయి మీద కూసో, ముంగట. గాయినకు నువ్వంటె పానం. నువ్వు కానొస్తె జల్దీ వస్తడు."

నా కళ్లు చెమర్చాయి. విస్తరికి పది అడుగుల దూరంలో, రాయి మీద, బట్టతలతో కూర్చున్నాను.

కాకులు వచ్చాయి. ఇరవై పైనే వచ్చాయి. వేపచెట్టు మీద కూర్చుని గోల మొదలుపెట్టాయి. ఒక్కటీ దిగలేదు. సర్పంచి నా నెత్తి మీదుగా రెండుసార్లు రాసుకుంటూ పోయింది.

"సోపతిగాడు గదా, పల్కరిస్తుండు," అన్నాడు మల్లయ్య తాత. వాళ్ల కులంలో పెద్దమనిషి, తలకు తెల్ల రుమాలు చుట్టుకుని అందరికంటే ముందు కర్రమీద ఆనుకుని ఉన్నాడు.

అరగంట గడిచింది. గోల పెరిగింది.

"నారాజ్ అయిండు," అన్నాడు తాత. "బ్రాందీ వెట్టిండ్రా?"

క్వార్టరు తెచ్చి పోశారు. రాలేదు. మేడ్చల్ బిర్యానీ అంటే ఇష్టమని ఎవరో గుర్తు చేస్తే, నర్సింలు కారు పంపి తెప్పించాడు. విస్తట్లో బిర్యానీ పొగలు కక్కింది. పన్నెండు దాటింది, నా కడుపులో పేగులు అరుస్తున్నాయి, కాకులు ఇంకా గట్టిగా అరుస్తున్నాయి. అందరూ గుసగుసలాడుతున్నారు. అంజమ్మ నిండా కొంగు కప్పుకుని కూర్చుంది.

అప్పుడు మా అమ్మాయి ఫోన్ చేసింది. లేచి గోడ అవతలికి వెళ్లాను. "నాన్నా, షుగరు మాత్ర వేసుకున్నావా" అని అడుగుతుంటే, ఇవతల ఒక్కసారిగా నిశ్శబ్దం. తర్వాత "వస్తాంది, వస్తాంది" అని చిన్నగా మాటలు. చూద్దామని గోడ మీదుగా తల ఎత్తాను. విస్తరికి జానెడు దూరంలో ఉన్న సర్పంచి నన్ను చూసి, ఒక్క అరుపు అరిచి, చెట్టెక్కింది.

అప్పుడు వెలిగింది నాకు. హెల్మెట్ తాత గుర్తొచ్చాడు. కిష్టయ్యకు ఏ కోరికా మిగల్లేదు. ముప్పైమంది పస్తులుండడానికి కారణం నా ముఖం.

వచ్చి రాయి మీద కూర్చున్నాను. నిజం చెప్పేయాలి. చెబితే ఏమవుతుంది? చావు ఇంట్లో చచ్చినవాడి తిండికి అడ్డం పడ్డవాడినని జీవితాంతం చెప్పుకుంటారు. చెప్పకపోతే ఇంకా పాపం. సరే, లేచి, మాట్లాడకుండా దూరంగా వెళ్లిపోదామని మోకాళ్ల మీద చేతులు పెట్టాను. అదే సమయానికి మల్లయ్య తాత గొంతెత్తాడు.

"నర్సింలు, ఇగ తిండి గాదు రా. మీ అన్న మనసుల ఏదో ఉన్నది. నువ్వే జెప్పుకోవాలె."

నేను మళ్లీ కూర్చున్నాను. కూర్చోవడం తప్పే. కానీ కూర్చున్నాను.

నర్సింలు గుండుమీద తువ్వాలు సర్దుకుని ముందుకొచ్చాడు. విస్తరి ముందు చేతులు జోడించి, చిన్నవాటితో మొదలుపెట్టాడు. "అన్నా, నీ ఫోటో పెద్దది గట్టిపిస్త." కాకులు అరిచాయి. "నీ పేరు మీద ఫ్లెక్సీ ఏపిస్త. అందట్ల నా ఫోటో చిన్నగ పెడ్త." ఇది అతనికి పెద్ద త్యాగమే. కాకులు ఒప్పుకోలేదు. "కొత్త వెంచర్‌కు కిష్టయ్య నగర్ అని పేరు పెడ్త." ఈసారి సర్పంచి దిగి నా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. నేను కళ్లు మూసుకున్నాను.

"గవ్వేం గాదు బిడ్డా," అన్నాడు తాత.

నర్సింలు చెరువు వైపు చూశాడు. వదినె వైపు చూశాడు. అతని గొంతు మారింది. "అన్నా, నువ్వే నన్ను సదివిచ్చినవ్. నేను మర్సిపోలే. గీ జాగ ఇగ అమ్మను. వదినె పేరు మీద రాసిస్త. బండి గీడ్నే ఉంటది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వాష్‌బేసిన్ దగ్గర నేను చెయ్యలేని పని అయిపోయింది. కిష్టయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి నవ్వుతున్నట్టే ఉంది. తువ్వాలులో ముఖం పెట్టుకుని ఏడుస్తూ, లేవాల్సింది నేనేనన్న సంగతి పూర్తిగా మర్చిపోయాను.

తువ్వాలు తీసి చూస్తే, కాకులు అక్కడే ఉన్నాయి, అరుస్తూనే ఉన్నాయి. నర్సింలు తల గోక్కుంటున్నాడు.

"తాతా, గిది గూడ కాదా? అంటె జాగ సంగతి అన్న మనసుల లేనట్టే గదా? మరి రాసిచ్చుడు..."

ఇప్పుడు పరిగెత్తితే అందరికీ తెలిసిపోతుంది. పరిగెత్తకపోతే జాగా పోతుంది. ఇంతలో నా నెత్తి మీద ఏదో పడింది. కాకి కాదు, నా టోపీ. అంజమ్మ నా పక్కన నిలబడి ఉంది.

"అన్నా, షుగరున్న మనిషివి, ఎండల ఎంతసేపు కూసుంటవ్. లోపటికి పో. కుండల సల్ల ఉన్నది, తాగు." మాట మెత్తగానే ఉంది. నా రెక్క పట్టుకుని లేపిన పట్టు మాత్రం మెత్తగా లేదు.

మజ్జిగ కోసం నాలుగు అడుగులు వేశానో లేదో, వెనక రెక్కల చప్పుడు. సర్పంచి దిగింది. బిర్యానీ వైపు చూడలేదు. అంజమ్మ వేయించిన చేపముక్క ఒకటి మింగింది. తర్వాత బీడీకట్ట ముక్కున పట్టుకుని చెరువు మీదుగా ఎగిరిపోయింది.

"వాడే," అంది వెనకనుంచి ఒక ముసలామె, కిష్టయ్య తల్లి. "నా కొడుకే."

మల్లయ్య తాత రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నర్సింలు నేలమీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాకి సంగతంతా తెలిసిన నేను కూడా, ఆ బీడీకట్ట చూశాక, ఒక్క క్షణం కిష్టయ్యే అనుకున్నాను. ఇప్పుడూ అప్పుడప్పుడు అనుకుంటున్నాను.

బస్టాపు దగ్గర

నాలుగో రోజు పొద్దున అంజమ్మ నన్ను బస్సెక్కించడానికి వచ్చింది. నా చేతిలో చేపముక్కల పొట్లం, తలమీద టోపీ. బండి మీది టార్పాలిన్ తీసేసి ఉంది, పొయ్యి కడిగి ఉంది.

రాత్రంతా ఒక విషయం నన్ను తొలిచింది. దినాల దగ్గర టోపీ ఉండకూడదంటే, మల్లయ్య తాత తలకు రుమాలు ఎలా ఉంది? కర్మ చేసిన నర్సింలు గుండుమీద తువ్వాలు ఎలా ఉంది? ముప్పైమందిలో తలమీద ఏమీ లేనివాణ్ని నేనొక్కణ్నే.

"అంజమ్మా," అన్నాను, "టోపీ ఉండకూడదన్నది మీ ఊరి ఆచారమేనా?"

ఆమె రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. "ఏమో అన్నా. ఎనిమిదేండ్ల సంది వాటికి తిండి పెడుతున్న. అవెట్ల జేస్తయో నాకు ఎర్కే. మనుషులే ఎట్ల జేస్తరో ఎర్కలే."

"తప్పు కాదా?"

"గాయిన రోజూ నాతోని అన్నడు, నేను పోయినా బండి గీడ్నే ఉండాలె అని. నర్సింలుతోని అననీకె గాయినకు నోరు రాలే. తమ్ముడు చిన్నబోతడని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా మాటనే చెప్పిపిచ్చిన. ఇంకేం జెయ్యలే."

నా మాటంటే నర్సింలు వింటాడని పిలిచిన మనిషి, రెండో రోజు సాయంత్రానికే నా మాటలో ఉన్న పస చూసేసింది. నా ముఖంలో ఉన్న పస ఆమె కనిపెట్టింది. కోపం రావాలి. రాలేదు, నవ్వొచ్చింది.

బస్సు వచ్చింది. ఎక్కబోతుంటే ఆమె చెయ్యి చాచి నా తలమీది టోపీ తీసుకుంది.

"గిది నా కాడ్నే ఉంచుత అన్నా. రిజిస్ట్రేషన్ అయ్యేదాక."

వేపచెట్టు మీద గోల లేచింది. బస్సులో వాళ్లంతా ఏమిటా అని కిటికీల్లోంచి తొంగి చూశారు. నేను తల వంచుకుని, కిటికీకి దూరంగా ఉన్న సీటులో కూర్చున్నాను.

ఇంటికొచ్చాక

కైకలూరు కాకులు నన్ను పట్టించుకోవు. పెరట్లో బట్టతలతో గంటసేపు నిలబడి చూశాను. ఇన్నేళ్లు వీటి మధ్య బతికి, ఒక్కదానికీ నేను ఎవరో తెలియకపోవడం కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

ఇది రాస్తుండగానే నిన్న అంజమ్మ ఫోన్ చేసింది. ముందు నా షుగరు గురించి అడిగింది, తర్వాత బండి బాగా నడుస్తోందని చెప్పింది.

"అన్నా, మా మరిది మల్ల గునుస్తుండు. రిజిస్ట్రేషన్‌కు మూడం ఉన్నదంటడు, అది ఉన్నదంటడు, ఇది ఉన్నదంటడు. వచ్చే వారం నెల మాసికం. మల్ల పిట్టకు పెడ్తం."

నేను రైలు టికెట్టు తీసుకున్నాను. టోపీ కొనలేదు.